సోమవారం లోపల గోడ దిగాల్సిన పలకలు

ప్రకాశం జిల్లా, మార్కాపురం పట్టణం, పాత కచేరీ వీధిలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు బండి ఓబయ్య గారి కుమారుడను, డెబ్బై నాలుగేళ్ళ వయసు గలవాడను, పలకరాయి మీద పేర్లు చెక్కే వృత్తివాడను అయిన బండి నరసింహం అను నేను, పూర్తి తెలివితో, ఒకరి బలవంతం గాని బోధ గాని లేకుండా, నా సొంత చేతిరాతతో, నా వారసులకూ ఈ వీలునామా అమలు జరిపేవారికీ తెలియజేయునది ఏమనగా:

నా బుద్ధి సరిగ్గానే ఉంది. ఊపిరే సరిగ్గా లేదు. అరవై ఏళ్ళు రాతిపొడి పీల్చిన రొమ్ము ఇది. ఒంగోలు డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, నాతో ఏమీ చెప్పకుండా మా అబ్బాయిని పక్కకు పిలిచారు. అంతటితో నాకు అర్థమైంది. ఇందులో అక్షరాలు వంకర పోయినచోట ఆయాసం అనుకోండి. సిరా చెదిరినచోట మాత్రం దుఃఖం అనుకోవద్దు. నా కూతురు విజయ పద్నాలుగేళ్ళ తరువాత ఇంటికి వచ్చింది. ఈ మాట వీలునామాలో అక్కర్లేదని, నమూనా కాగితం ఇచ్చిన ఎదురింటి జిరాక్సు షాపు సతీష్ అన్నాడు. నాకు అక్కర. అందుకే ఇంకోసారి రాస్తున్నాను. నా కూతురు వచ్చింది! ఈ క్షణాన నా వెనక గోడ దగ్గర నిచ్చెన మీద నిలబడి సున్నం కోస్తోంది. ఆ చప్పుడు వింటూ రాస్తున్నాను.

వ్యవధి లేదు. ఎల్లుండి సోమవారం ఉదయం రోడ్డు వెడల్పు చేసే యంత్రం వచ్చి మా ఇంటి వీధిగోడ పడగొడుతుంది. ఆ గోడలో ముప్పై ఎనిమిది పలకలు ఉండేవి. ఇరవై మూడు దిగినాయి. వాటిలో రెండు పగిలినాయి. ఇంకా పదిహేను గోడలోనే ఉన్నాయి. నేను పోతే పోతాను, అవి పోకూడదు. ఈ వీలునామా అందుకే.

1. ఆస్తి వివరం. మా తాత బండి చెంచయ్య పుల్లలచెరువు దిక్కు నుంచి గొర్రెలు తోలుకుని, నీళ్ళు దొరక్క, కరువు ఏట ఈ ఊరు చేరాడు. మందలో సగం దారిలోనే చచ్చింది. మిగిలినవి అమ్మి పలకల గనిలో కూలికి చేరాడు. రాయి పొరలు విడదీయడం నేర్చాడు, తరువాత గోరంత ఉలితో అక్షరం చెక్కడం నేర్చాడు. అది తెల్లదొరల కాలం. తాలూకా కచేరీ ఈ వీధిలోనే ఉండేది. సంత రోజున చుట్టుపక్కల ఊళ్ళ జనం అర్జీలతో, ఆవులతో, పంటి నొప్పులతో వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక వీధిలో తిరుగుతుండేవాళ్ళు. తాత మా ఇంటి వీధిగోడకు పలకలు బిగించడం మొదలుపెట్టాడు. ఒక్కో పనివాడికి ఒక్కో పలక. పైన బొమ్మ, కింద రాత. చదవలేనివాడు బొమ్మ చూసి పోయేవాడు. పన్ను బొమ్మ, గుర్రం బొమ్మ, బావి బొమ్మ. ఈ ఊరికి అదే పేపరు, అదే టీవీ.

2. గోడ కట్టుబాటు. దీన్ని తెలియనివాళ్ళ కోసం విడమరిచి రాస్తున్నాను. ఎవరైనా వృత్తి మానినా, కాలం చేసినా, వాళ్ళ పలకను పారేయము. ఊడదీసి, చెక్కిన మొహం లోపలికి తిప్పి, పచ్చి సున్నంలో అదే చోట మళ్ళీ బిగిస్తాము. వీధిలో పోయేవాళ్ళకు నల్లటి వీపు కనబడితే ఆ మనిషి లేడని అర్థం. వారసుడు ఆ పని ఎత్తుకుంటే పలక మళ్ళీ బయటికి తిరుగుతుంది. మా తాత తిప్పాడు, మా నాయన తిప్పాడు, నేను తిప్పాను. బతికున్న మనిషి పలకను మాత్రం తాతా తిప్పలేదు, నాయనా తిప్పలేదు. నేను తిప్పాను. ఆ సంగతి ఎనిమిదో అంశంలో రాస్తాను, ఇప్పుడే రాయడానికి ధైర్యం చాలడం లేదు.

3. ఇల్లు, మిగులు స్థలం, రోడ్డుకు పోయే భాగానికి సర్కారు ఇచ్చేది, ఇవన్నీ నా కుమారుడు శ్రీహరికి సంపూర్ణ హక్కులతో చెందవలసినది. దర్శిలో ట్రాక్టరు సామాన్ల దుకాణం నడుపుతున్నాడు, మంచివాడు, తల్లి పోలిక. ఒక్క తప్పు చేశాడు. గోడ పడగొడతామన్న నోటీసు మూడు నెలల కిందట వస్తే సంతకం పెట్టి తీసుకుని బీరువాలో దాచాడు. అడిగితే, "నీకు చెప్తే ఆ రోజే పోతావని చెప్పలేదు నాయనా" అన్నాడు. ఒరేయ్ శ్రీహరీ, మూడు నెలలు ఉంటే ముప్పై ఎనిమిదీ ఒక్క పెచ్చు ఊడకుండా దిగేవి కదరా. మొన్న సాయం చేస్తానని సుత్తి తెచ్చి పంటి వైద్యుడి పలకను ఒకే దెబ్బకు నాలుగు ముక్కలు చేశావు. "నొప్పి లేకుండ పండ్లు తీయబడును. కేకలు వేయరాదు" అని ఉండేది. ఇప్పుడు "కేకలు వేయ" దాకా మిగిలింది. ఆ నాలుగు ముక్కలు కూడా నీకే రాసిస్తున్నాను. నీ దుకాణంలో కనబడేచోట పెట్టుకో. కోపంతో రాయడం లేదు నాయనా. నువ్వు దాచింది ప్రేమతోనే అని నాకు తెలుసు. అయినా పెట్టుకో.

4. దిగిన పలకల పంపకం. ఈ కింది వారు రేపు ఆదివారం సాయంత్రంలోగా స్వయంగా వచ్చి తీసుకుపోవలెను. రాలేనివారి కోసం విజయ దాచి ఉంచవలెను.

(అ) "వెంకటసుబ్బులమ్మ. మంత్రసాని. ఏ జామున పిలిచినను వచ్చును. ఆడపిల్ల పుట్టినను మొగము మార్చదు." ఈ పలక ఆమె మునిమనవరాలు, రాచర్లలో నర్సుగా పనిచేస్తున్న కృష్ణకుమారికి. మా నాయన పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఈ వెంకటసుబ్బులమ్మే. చివరి వాక్యం తాత కల్పించింది కాదట, ఆమే నిలబడి చెక్కించుకుందట. అమ్మా కృష్ణకుమారీ, ఆసుపత్రిలో పెట్టనిస్తారో లేదో, నీ ఇంటి వాకిట్లో అయినా పెట్టుకో.

(ఆ) "రైలుకు అందించు జట్కా. అందకపోయిన గుర్రమును తిట్టరాదు, నన్ను తిట్టవలెను." ఇది ఆ జట్కా ఆయన మునిమనవడు, రాచర్ల నుంచి గిద్దలూరుకు ఆటో తోలే నరేష్‌కు. మా తాత చెక్కిన గుర్రం గాడిదలా ఉందని మీవాళ్ళు మా ఇంట నీళ్ళు తాగలేదు. మూడు తరాల పంతం. నరేష్, మొన్న పలక కడిగి ఎండలో పెట్టి చూశాను. గాడిదే. మా వంశం తరఫున ఒప్పుకుంటున్నాను. వచ్చి నీళ్ళు తాగిపో.

(ఇ) "కచేరీ అర్జీలు, రంగూనుకు ఉత్తరములు వ్రాయబడును. విషయము మాత్రమే చెప్పవలెను, ఏడ్పు వ్రాయబడదు." ఈ అయ్యవారికి వారసులు లేరు. కంప్యూటరులో జనానికి అర్జీలు కొట్టిపెట్టే సతీష్‌కు ఇస్తున్నాను. నువ్వు కూడా ఈ వీలునామాలో నా ఏడుపు కొట్టేయమన్నావు కాబట్టి దీనికి సరైన వారసుడివి నువ్వే.

(ఈ) "బావుల పూడిక తీయబడును. నీరు పడువరకు కూలి అడుగము." ఇది నా స్నేహితుడు ఏబేలుకు, వాళ్ళ తాతది. ఏబేలూ, మనిద్దరం ఒకే గనిలో ఒకే పొడి తిన్నాము. నీ దగ్గూ నా దగ్గూ ఒకే తాళంలో వస్తున్నాయని నా భార్య రంగమ్మ ఉన్నప్పుడు నవ్వేది. నీకు నా దగ్గర ఆక్సిజన్ మిషను కూడా ఉంది. నేను పోయిన గంటలో పట్టుకుపో, మొహమాటపడొద్దు, అడగొద్దు.

మిగిలినవి ఎవరెవరికో వేరే కాగితం మీద రాసి, దానిపైన కూడా సంతకం పెట్టి, దీనికి కుట్టాను.

5. మిగిలిన పలకలు దింపే విధానం. సాయానికి ఎవరు వచ్చినా ఇది చదివి వినిపించవలెను. సుత్తి తాకకూడదు, గునపం చూపించనే కూడదు. అదిరితే పలక పొరలు పొరలుగా విడిపోతుంది. గోనెపట్టాలు తడిపి అంచుల మీద ఒక పూట కప్పాలి. సున్నం మెత్తబడినాక పాత రంపపు బ్లేడుతో చుట్టూ కోయాలి. గోటితో పలకను మీటి చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే పట్టి లాగవచ్చు. మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు, దాన్ని చుట్టూ ఉన్న సున్నంతో సహా గడ్డగా తీయాలి. లాగేటప్పుడు మాట్లాడకూడదు, ఊపిరి బిగబట్టాలి. ఇది శాస్త్రం కాదు, మా నాయన చెప్పింది. ఇప్పుడు నాకు బిగబట్టే ఊపిరి లేదు. విజయకు ఉంది.

రోజుకు ఐదు కంటే దిగడం లేదు. పదిహేను మిగిలి ఉన్నాయి, రెండు రోజులు ఉన్నాయి. ఎన్నిసార్లు లెక్క వేసినా లెక్క మారడం లేదు. ఈ వీధిలో చదువుకున్న అయ్యలారా, అమ్మలారా, ఈ వీలునామా నేను పోయాక చదవడానికి కాదు, ఇప్పుడే చదవండి. రంపపు బ్లేడు ఉన్నవాళ్ళు రండి. గోనెపట్టా ఉన్నవాళ్ళు రండి. చేతులు కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

6. ఒకవేళ సోమవారం లోపల నేను పోతే, పని ఆపకూడదు. నన్ను అరుగు మీద పడుకోబెట్టి గోడ పని కానివ్వండి. శవం ముందు పని చేస్తారా అని ఎవరైనా అంటే ఈ అంశం చూపించండి. నేను ఆగగలను. గోడ ఆగదు.

7. నా ఉలులు పదకొండు, చింతమొద్దు కొయ్యసుత్తి, తాత వాడిన అక్షరాల అట్టలు, ఇవన్నీ నా కుమార్తె విజయకు. నేను కట్టుకోవడానికి దాచుకున్న జరీపంచె ఏబేలుకు. నా భార్య రంగమ్మ అద్దం, అందులో చూసుకుని ఆమె బొట్టు పెట్టుకునేది, అదీ విజయకే.

8. ఇప్పుడు రాయక తప్పదు.

విజయ పందొమ్మిదో ఏట తన పలక తనే చెక్కుకుంది. "విజయ. అక్షరములు చెక్కబడును." అంతే, బొమ్మ లేదు. "అందరికీ చదువు వచ్చినాక బొమ్మ ఎందుకు నాయనా" అంది. ఆ 'జ' ఒంపు నా వల్ల ఈనాటికీ కాదు. గోడకు బిగించాను, గాని అక్షరాల గాడిలో తెల్లసున్నం కూరలేదు. మా పనిలో అది నేర్పినవాడు చేయాలి, శిష్యుడు సొంత దుకాణం తెరిచిన రోజున. సున్నం లేకపోతే నల్లరాతి మీద నల్లగాడి, ఎండ వాలినప్పుడు తప్ప కనబడదు. ఆ రోజు కోసం దాచాను.

ఆమె దుకాణం తెరిచింది. గిద్దలూరులో. ఫ్లెక్సీలు అచ్చువేసే మిషను పెట్టి. అక్షరానికి నాకు ఒక పూట పడితే, ఆ మిషను మనిషంత బోర్డును నిమిషాల్లో కక్కుతుంది. మా ఊళ్ళో చెక్కించుకునేవాళ్ళు లేకుండా చేసింది ఆ మిషన్లే. నా కూతురే తెచ్చి పెట్టిందని వినగానే వీధిలోకి పోయి, ఎవరు ఆపినా ఆగక, ఆమె పలక ఊడదీసి మొహం లోపలికి తిప్పి సున్నంలో నొక్కాను.

కట్టుబాటు ఏమిటో వీధికి తెలుసు. గంటలో జనం వచ్చారు. పక్కింటి సరస్వతమ్మ నోట కొంగు కుక్కుకుని, "ఎట్ల జరిగింది బావా, బిడ్డ బాగానే ఉండె కదా!" అని గుండెలు బాదుకుంది. చచ్చిపోలేదమ్మా అని నేను చెప్పలేదు. నోరు తెరవలేదు. కూర్చుని పరామర్శలు అందుకున్నాను. అంతకంటే పాపిష్టి పని నా జన్మలో లేదు. రంగమ్మ ఒకే మాట అంది. "బతికున్న బిడ్డకు పలక తిప్పినావే, నీ చేతులెట్ల ఆడినాయి?" ఆ తరువాత ఆమె బతికిన నాలుగేళ్ళూ నాకు అన్నం పెట్టింది, మందు ఇచ్చింది, పేరు పెట్టి గాని, ఏమండీ అని గాని పిలవలేదు. తల్లి పోయిన రోజు విజయ వచ్చింది. వీధిలో నిలబడి, నల్లటి తన పలక వీపును చూసి, గడప తొక్కకుండా వీధిలోంచే తల్లిని సాగనంపి, నాతో మాట్లాడకుండానే బస్సెక్కింది.

పోయిన సోమవారం మళ్ళీ వచ్చింది. ఎట్లా వచ్చిందో రాస్తే ఎవరూ నమ్మరు. రోడ్డు పని కాంట్రాక్టరు మనుషులు ఫ్లెక్సీ బోర్డు కోసం ఆమె షాపుకే పోయారట. "ఈ క్రింది ఇండ్లు తొలగించబడును" అని, కింద డోరు నంబర్లు. టైపు చేస్తూ చేస్తూ పదకొండో నంబరు దగ్గర ఆమె చేయి ఆగిందట. మా నంబరు. ఆ బోర్డు అచ్చు వేసి వాళ్ళకు ఇచ్చేసి, షట్టరు దించి, మొదటి బస్సు ఎక్కింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. చేతిసంచి కింద పెట్టి, "నాయనా, రంపం బ్లేడు యాడ పెట్టినావ్?" అంది. పద్నాలుగేళ్ళకు మొదటి మాట. అయ్యలారా, నా పెళ్ళి రోజున గాని, నా బిడ్డలు పుట్టిన రోజున గాని నేను అంత సంతోషపడలేదు. బ్లేడు ఉన్నచోటికి వేలు చూపించాను.

అప్పటినుంచీ ఒక్కో పలకా దింపుతోంది. తన పలక దగ్గరికి మాత్రం పోదు. తీయమ్మా అంటే, "తిప్పినోడే తీయాల. చచ్చినోళ్ళు వాళ్ళ పలకలు వాళ్ళే తిప్పుకుంటారా యాడన్నా?" అంటోంది. నవ్వుతూనే అంది. నిచ్చెన దిగి మొహం మాత్రం కొంగుతో తుడుచుకుంది.

ఇక్కడ రాయడం ఆపి లేస్తున్నాను.

మధ్యాహ్నం మూడు గంటలు. మళ్ళీ రాస్తున్నాను. తీశాను. ఏబేలు నన్ను నడుము పట్టి కుర్చీలో గోడ ముందు కూర్చోబెట్టాడు. రంపం పది సార్లు ఆడించి పది నిమిషాలు ఆగాను. విజయ గోనెపట్టా మీద నీళ్ళు పోసింది, ఒక్క చేయి సాయం చేయలేదు. గోటితో మీటితే మొద్దుగా పలికినట్టు అనిపించింది. నా చెవి పోయిందో, పలక పోయిందో తెలియలేదు. పగిలిపోతే నా చావు కూడా నాకు క్షమాపణ కాదనుకున్నాను. కళ్ళు మూసుకుని లాగాను.

ఒకే ముక్కగా వచ్చింది.

తిప్పి చూశాము. ఆనాడు కోపంలో పచ్చి సున్నంలోకి ఎంత గట్టిగా నొక్కానో, అంత లోతుగా సున్నం అక్షరాల్లోకి దిగి గట్టిపడింది. గోడలోని సున్నం గోడలో విరిగి ఆగిపోయింది, గాడిలోది గాడిలోనే ఉండిపోయింది. నల్లరాతి మీద తెల్లగా, ఒక్క చినుకు తగలకుండా, ఒక్క ఎండ తగలకుండా, "విజయ. అక్షరములు చెక్కబడును." ఆమె దుకాణం రోజున నేను చేయాల్సిన పని. చేశానని నాకు తెలియకుండానే చేసి, పద్నాలుగేళ్ళు గోడలో దాచాను. ఈ గోడ మీద ఇంత తెల్లటి అక్షరం ఇంకొకటి లేదు. విజయ 'జ' ఒంపు మీద వేలు ఆడించి, "సున్నం చిక్కగా కలుపుతావు నాయనా" అని మాత్రం అంది. సరస్వతమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేను నోరు తెరిచి చెప్పాను. నా బిడ్డ బతికే ఉందమ్మా అని, వీధంతా వినబడేటట్టు.

9. సదరు పలక విజయకు, ఆమె తరువాత ఆమె సంతానానికి చెందవలసినది. ఫ్లెక్సీ షాపు గోడకు మొహం బయటికి పెట్టి బిగించవలసినది.

10. నా పలక. "బండి నరసింహం. పేర్లు చెక్కబడును. తప్పులు చెరపబడవు." ఇది ఇంకా గోడకే ఉంది. మిగిలిన అన్నీ దిగాకే దాన్ని దింపవలెను, వ్యవధి చాలకపోతే వదిలేయవలెను. దిగితే మాత్రం దాన్ని నేను పోయిన రోజున తిప్పే హక్కు నా పెద్ద వారసుడు శ్రీహరికి కాకుండా విజయకు రాసి ఇస్తున్నాను. ఈ గోడ ఉండదు కాబట్టి గిద్దలూరులో ఆమె షాపు గోడలో, ఆమె పలక పక్కన, మొహం లోపలికి పెట్టి బిగించవలసినది. అమ్మా విజయా, నా పలకలో మా నాయన కూరిన సున్నం ఎప్పుడో రాలిపోయింది. తిప్పేటప్పుడు సున్నం మెత్తగా కలుపు. అన్ని అక్షరాల్లోకి దిగేటట్టు గట్టిగా నొక్కు. ఎప్పుడో ఎవరో మళ్ళీ బయటికి తిప్పుతారు.

11. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత విజయకూ, సతీష్‌కూ అప్పగించడమైనది. దీనికి ముందు నేను వేరే ఏ వీలునామా రాయలేదు. రాయడానికి ఇంత సంతోషం ఎప్పుడూ రాలేదు.

ఇది నా సమ్మతితో రాసి, చదివి, విజయకు వినబడేటట్టు పైకి మరోసారి చదివి, సంతకం చేయడమైనది.

2024 ఫిబ్రవరి 17, శనివారం, సాయంత్రం ఐదున్నర. మార్కాపురం, పాత కచేరీ వీధి, ఇంకా పదకొండు పలకలు మిగిలిన గోడ ముందు.

(సం.) బండి నరసింహం

సాక్షులు:

1. సరస్వతమ్మ, పక్కింటి కాపురస్తురాలు. సాక్షికి ఏమీ రాయకపోవడం మంచిదని సతీష్ చెప్పినందున ఈమెకు ఏమీ రాయలేదు.

2. మాలకొండయ్య, రిటైరు పోస్ట్‌మన్. సంతకం పెట్టి, గోనెపట్టాలు తేవడానికి ఇంటికి పోయినాడు.